సెట్టు తప్పులు

ఆ టీవీ ఛానల్ ఆఫీసులో ఆమెను అందరూ ఉత్తరాలక్క అనే పిలిచేవారు. ఉత్తరాలు రావడం మానేసి ఏళ్లు గడిచినా పేరు మాత్రం అంటుకుపోయింది. ఉత్తరాల స్థానంలో ఫోను వచ్చింది. సీరియల్ అయిపోగానే తెర మీద ఒక నంబరు పడేది. దానికి ఫోన్ చేస్తే మెషీన్‌లోంచి అక్క గొంతే పలికేది. "నమస్కారమండీ. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. బీప్ వినిపించాక ఒక నిమిషం మాట్లాడండి." ఆ నిమిషాలన్నీ టేపు మీదికెక్కేవి. మర్నాడు పొద్దున్నే ఆమె మెట్ల కిందున్న తన గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్కొక్కటీ విని, అన్న మాట అన్నట్టు పుస్తకంలో రాసేది. రాయడం అయ్యాక టేపు చెరిపేసి మళ్లీ మెషీన్‌లో పెట్టాలని ఆఫీసు రూలు. పందొమ్మిదేళ్లుగా ఆమె చేస్తున్నది అదే.

పుస్తకంలో పేజీకి ఐదు గళ్లు. మెప్పు, తిట్టు, సలహా, సెట్టు తప్పులు, ఇంటి గోడు. మొదటి మూడూ డైరెక్టర్ల దగ్గరికి వెళ్లేవి. గోడ గడియారం ఒక సీన్లో పదీ, కన్ను మూసి తెరిచేలోగా మూడూ చూపించడం లాంటివి సెట్టు తప్పులు. అవి వడ్రంగికి వెళ్లేవి. ఐదో గడి ఎక్కడికీ వెళ్లేది కాదు. సీరియల్ గురించి అని మొదలుపెట్టి, మధ్యలో కోడలి మీదికో మోకాళ్ల నొప్పుల మీదికో జారిపోయేవాళ్ల మాటలు అందులో పడేవి. అవి రాయక్కర్లేదని పైవాళ్లు ఎన్నిసార్లు చెప్పినా ఆమె రాసేది. "పాపం, ఎవరో ఒకరికి చెప్పుకోవాలి కదా" అనేది. మూడు మాటలు వింటే చాలు, ఈ మనిషి సీరియల్ కోసం చేసిందా, గోడు చెప్పుకోవడానికి చేసిందా తేల్చేయగలనని ఆమెకు గర్వం. అది ఉత్త గొప్ప కూడా కాదు. ఆ ఆఫీసులో చెవులున్నది ఆమెకే. తక్కినవాళ్లవి కళ్లజోళ్లు తగిలించుకోవడానికి పెరిగినవి.

ఇంట్లో మాత్రం ఆమె మాట వినే దిక్కు లేదు. భర్త రైలింజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. ఆ మోతకు ఆయనకు చెవులు సగం పోయాయి, ఓపిక పూర్తిగా పోయింది. ఇవాళ ఎవరో ఇలా అన్నారండీ అని ఆమె మొదలుపెడితే, "ఆఁ? పెరుగు తోడుకోలేదా?" అని అడిగేవాడు. అందుకేనేమో ఊళ్లోవాళ్ల గోడంతా ఆమె అంత శ్రద్ధగా వినేది.

ఆ ఏడు ఛానల్‌వాళ్లు ప్రతి బుధవారం సాయంత్రం ఒక కిడ్నాప్ సీరియల్ మొదలుపెట్టారు. కథ చిన్నదే. ఒక అమ్మాయిని ఎవడో ఎత్తుకుపోయి గదిలో బంధిస్తాడు, పోలీసులు వెతుకుతుంటారు. ఇరవయ్యారు వారాలు ఆడించి ఊరంతా వణికిస్తానని డైరెక్టర్ మీసం మెలేశాడు. మొదటి వారం వచ్చిన ఫోన్లు వింటే వణికింది ఎవరో తెలుస్తుంది. "ఎత్తుకెళ్లి మూడ్రోజులైందన్నారు, చీర ఇస్త్రీ నలగలేదేమిటండీ?" అని ఒకావిడ. "ఆ దొంగ మొహం లక్షణంగా ఉంది, పిల్లని వాడికే ఇచ్చి చేసేస్తే పోలా?" అని ఒక పెద్దాయన. "పోలీసు జీపు ఏ వీధికి వెళ్లినా అదే నల్లకుక్క అడ్డమొస్తోంది. కుక్కని అరెస్టు చేస్తే కేసు తేలిపోతుంది" అని ఇంకొకాయన. అక్క నవ్వుకుంటూ రాసుకుంది. ముప్ఫై నాలుగో ఫోన్ దగ్గర నవ్వు ఆగింది.

ఆడ గొంతు. వయసులో ఉన్న గొంతే గానీ తడి లేదు. పాఠం అప్పజెబుతున్నట్టు నెమ్మదిగా పలికింది. "సీరియల్ బాగుందండి. కిటికీ మంచానికి ఎదురుగా పెట్టారు. అలా ఉండకూడదండి. ఎదురుగా ఉంటే ఆ అమ్మాయికి ఆకాశం కనిపిస్తుంది కదా. తలవైపు ఉండాలి. చెక్కలు కొట్టి, ఒక్క సందు ఉంచాలి." తర్వాత దూరం నుంచి ఒక మగ గొంతు, "చాలు" అంది. అంతటితో ఫోన్ పెట్టేశారు.

ఆ 'చాలు' అక్క ఎరగనిది కాదు. ఫోన్ చేసే ఆడవాళ్లలో సగం మంది వెనకాల మొగుళ్లు సణుగుతూనే ఉంటారు. భార్య నిమిషం సేపు తన అభిప్రాయం చెబితే ఇల్లు మునిగిపోతుందన్నట్టు. 'ఇదీ ఒక సంసారమే' అనుకుని, ఆవిడ చెప్పింది మాత్రం తెలివైన మాట అనిపించి, సెట్టు తప్పుల గడిలో రాసి వడ్రంగికి పంపింది.

వడ్రంగి బాబాయి సెట్లు కట్టడంలో తల నెరిసినవాడు. కిటికీని తలవైపుకు మార్చి, చెక్కలు కొట్టి, ఒక సందు వదిలాడు. డైరెక్టర్ చూసి మురిసిపోయాడు. "అక్కా, ఈవిడ ఎవరో గానీ నా అసిస్టెంట్ల కంటే నయం. మళ్లీ ఫోన్ చేస్తే ఆవిడ మాట ముందు నాకే పంపు" అన్నాడు.

ఆవిడ మళ్లీ చేసింది. రెండో బుధవారం, "కిటికీ సరిగ్గా ఉందండి. కుళాయి కారుతూ ఉండాలి. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య పదకొండు లెక్కపెట్టుకోవచ్చు" అంది. మూడో వారం, "తలుపుకి లోపలివైపు పిడి ఉండదండి. పిడి తీసేసిన బొక్కల్ని సబ్బుముక్కతో పూడుస్తారు" అంది. నాలుగో వారం సెట్టు మాట వదిలేసి నటి గురించి చెప్పింది. "ఆ అమ్మాయి ఇంకా అరుస్తోంది. మొదటి నాలుగు రోజులే అరుస్తారండి. తర్వాత అరవరు." ఐదో వారం, "కంచం నేల మీద పెట్టి కాలితో తోయరండి. మంచం మీదే పెడతారు. మర్యాదగానే మాట్లాడతారు" అంది. ప్రతిసారీ చివర అదే 'చాలు'. అక్క ప్రతిసారీ పొల్లు పోకుండా రాసింది, ప్రతిసారీ అదే గడిలో. వడ్రంగి ప్రతిసారీ మార్చాడు. గది రోజురోజుకీ ఊపిరాడనట్టు తయారైంది. నటించే అమ్మాయి షాట్ అవగానే బయటికి పరుగెత్తేది.

ఇంత చేసినా జనం చూడలేదు. ముందు వారాల్లో తొంభై ఫోన్లు వచ్చేవి, ఇప్పుడు ముప్ఫై కూడా లేవు. "భయం వేయాలి గానీ, ఇంట్లో దీపం పెట్టబుద్ధి కాకుండా పోతే ఎలాగండీ" అని ఒకావిడ తిట్టింది. ఏడో వారానికి పైవాళ్లు కత్తెర పట్టుకొచ్చారు. తొమ్మిదో ఎపిసోడ్‌తో సీరియల్ సరి.

ఆ కబురు తెలిసిన రోజే వడ్రంగి బాబాయి మెట్ల కింది గదికి వచ్చాడు. చేతిలో ఆమె రాసి పంపిన ఆరో వారం, ఏడో వారం చీటీలు ఉన్నాయి.

"అమ్మాయ్, ఇది నువ్వు రాసిందేనా?" అన్నాడు.

"నాది కాదు బాబాయ్, ఆవిడ అన్నది. నేను రాశానంతే."

"చదువు ఒకసారి."

ఆమె చదివింది. ఆరో వారం చీటీలో ఇలా ఉంది. 'మంచం నుంచి తలుపు దాకా ఏడడుగులు ఉండాలండి. ఆ అమ్మాయి ఐదే వేయగలగాలి.' ఏడో వారం చీటీలో, 'ఇప్పుడు అచ్చం అలాగే ఉందండి.'

"ఏడడుగుల గదిలో ఐదడుగులే ఎందుకు వేస్తారే?" అన్నాడు బాబాయి. "రెండ్రోజులు ఆలోచించాను. కాలికి ఏదో కట్టి ఉంటేనే. కళ్లు మూసుకుని ఊహించేవాళ్లు గొలుసు గురించి చెబుతారు. అడుగుల లెక్క చెప్పరు. ఆ బొక్కల్లో సబ్బు సంగతి నలభయ్యేళ్ల నుంచి తలుపులు చేస్తున్న నాకే తట్టదు. 'అచ్చం అలాగే ఉంది' అంటోంది. దేనిలాగే?"

అక్క లేచి బాబాయి వెంట స్టూడియోకు వెళ్లింది. మధ్యాహ్నం భోజనాల వేళ, ఎవరూ లేరు. దీపాలు ఆర్పేసిన సెట్టులోకి వెళ్లి మంచం మీద కూర్చుంది. తన చేత్తో రాసిన మాటలన్నీ చుట్టూ నిలబడి ఉన్నాయి. తల వెనక చెక్కల కిటికీ. పిడి లేని తలుపు. బాబాయి అమర్చిన కుళాయి ఒక చుక్క రాల్చింది. ఆమె తెలియకుండానే లెక్కపెట్టింది. పదకొండు దగ్గర రెండో చుక్క పడింది. ఈ గది ఎక్కడో నిజంగా ఉంది. ఇప్పుడు, ఈ క్షణం, అక్కడ కూడా ఒకామె కూర్చుని లెక్కపెడుతోంది. ఏడు వారాలుగా ఆమె తనతో మాట్లాడుతోంది. మూడు మాటల్లో మనిషిని పట్టేస్తానన్న మహాతల్లి, ఇంటి గోడును తీసుకెళ్లి సెట్టు తప్పుల్లో వేసింది.

ఆ సాయంత్రమే పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. ఇన్‌స్పెక్టర్ పుస్తకం తిరగేసి, కుర్చీలో వెనక్కి వాలాడు. "టేపులేవమ్మా?" చెరిపేశామంది. "పేరు?" చెప్పలేదంది. "మరి ఆమె కాపాడమని ఎక్కడైనా అందా?" అనలేదంది. "కనపడకుండా పోయిన ఆడవాళ్ల జాబితా నా దగ్గర నాలుగు పేజీలుంది. ఇందులో ఎవరని వెతకను? ఫోన్ల వివరాలు కావాలంటే కాగితాలు కదలాలి, నెల పడుతుంది. చివరికి ఎవరో పనిలేనావిడ అని తేలితే నన్ను నవ్వుతారు" అన్నాడు. మరీ చెడ్డవాడేం కాదు. వీళ్లు లేచి వచ్చేస్తుంటే, ఇంకేమైనా తెలిస్తే తిన్నగా తనకే చెప్పమన్నాడు.

నెల ఎక్కడిది? ఎనిమిదో ఎపిసోడ్ రేపే. పై బుధవారం ఆఖరిది. సీరియల్ ఉన్నంత కాలమే ఆ ఇంట్లో ఆ ఫోన్ ఆమె చేతికి వస్తుంది. ఆ తర్వాత ఏ వంకతో వస్తుంది? వెనకాల ఉన్నవాడు ఆమె మాట్లాడేంతసేపూ పక్కనే ఉంటాడు. సీరియల్ ముచ్చట తప్ప ఇంకో మాట రానివ్వడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆ రాత్రి భర్త పక్కన పడుకుని అక్క ఏడ్చింది. ఆయన చెవికి ఏడుపు ఆనలేదు గానీ మంచం కదలడం తెలిసింది. లేచి మంచినీళ్లు తెచ్చిచ్చి, పక్కనే కూర్చున్నాడు. ఆమె సంగతంతా ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది. ఆయన మొత్తం విని, "నీ మాట ఆమెకి వినపడుతుందా?" అని ఒక్కటే అడిగాడు.

వినపడుతుంది. నమస్కారమండీ దగ్గర్నుంచి బీప్ దాకా.

పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి, ఎవరినీ అడక్కుండా మెషీన్‌లో మాటలు మార్చింది. మూడుసార్లు గొంతు వణికింది, నాలుగోసారి నిలబడింది. "నమస్కారమండీ. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. ఆఖరి ఎపిసోడ్ కోసం ప్రేక్షకులకు ఒక ప్రశ్న. ఆ గది కిటికీ సందులోంచి ఏం కనిపిస్తే బాగుంటుంది? మీరు చెప్పినట్టే సెట్టు కడతాం." పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆఫీసు రూలు తప్పడం అదే మొదటిసారి. ఆ గదివాడికి సెట్టు తన గదిలా మారడం సరదా అయితే, ఈ ప్రశ్నకు జవాబు చెప్పనిస్తాడు. అనుమానం వస్తే ఫోన్ లాక్కుంటాడు. ఆ పైన ఏం చేస్తాడో ఆలోచించడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

గురువారం ఇరవై రెండు ఫోన్లు. ఒకాయన కిటికీలోంచి సముద్రం కనిపించాలన్నాడు. ఒకావిడ శ్మశానం అంది. ఇంకొకాయన, "ఆ నల్లకుక్కే కనిపించాలి" అన్నాడు. అక్క గోళ్లు కొరుక్కుంటూ వింది. ఇరవై ఒకటో ఫోన్‌లో ఆ గొంతు వచ్చింది.

"ఎదుటి గోడ కనిపిస్తుందండి. తెల్లగోడ. నాలుగింటికి దాని మీదికి ఒక నీడ వస్తుంది. నిచ్చెనలా గళ్లు గళ్లుగా ఉంటుంది. చివర మూడు పళ్లేలు ఉంటాయి. కాసేపు ఉండి పోతుంది. అది పోయిందంటే ఆ రోజు గడిచినట్టేనండి." ఈసారి వెనకాల ఉన్నవాడు ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినిపించింది. "చాలు."

గళ్ల నిచ్చెన, మూడు పళ్లేలు. అక్క హెడ్‌ఫోన్లు తీసి బయటికి పరుగెత్తింది. ఆఫీసు పెరట్లో ఛానల్ టవర్ నిలబడి ఉంది, గళ్లు గళ్లుగా, పైన మూడు డిష్షులతో. దాని నీడలో కూర్చునే ఆమె రోజూ మధ్యాహ్నం అన్నం తినేది.

ఈసారి టేపు చెరపలేదు. ఇన్‌స్పెక్టర్‌ను పిలిపించి వినిపించింది. ఆయన రెండుసార్లు విన్నాడు. రెండోసారి కుర్చీలో వాలలేదు. నాలుగింటికి బాబాయిని కూడా తీసుకుని ముగ్గురూ ఆఫీసు మేడ మీదికెక్కారు. బాబాయి ఏటవాలు లెక్కలు వేస్తూ వేలు చూపించాడు. నీడ పెరడు దాటి, ప్రహరీ దాటి, వెనక సందులో ఒక గోదాము తెల్లగోడ మీదికి పాకింది. ఆ గోడకు ఎదురుగా ఉన్నది ఒకే ఒక్క పాత మేడ. పై అంతస్తులో ఒక కిటికీకి చెక్కలు కొట్టి ఉన్నాయి.

కింద బైండింగ్ దుకాణం. అది అక్కకు తెలిసిన దుకాణమే. ఆమె అభిప్రాయాల పుస్తకాలు బైండు చేసేది ఆ దుకాణంలోనే. ఐదు గళ్లు గీసి, అట్ట వేసి, మూడు నెలలకొకటి ఇచ్చేవాడు ఆ బైండరు. నెమ్మదస్తుడు, తలెత్తి మాట్లాడడు. "ప్రేక్షకులు ఏమంటున్నారమ్మా ఈమధ్య?" అని ఒక్కటే అడిగేవాడు. ఇంకో నాలుగు కాగితాలు వేయమంటే, దారం కొరుకుతూ "చాలు" అనేవాడు. పందొమ్మిదేళ్లు వినికిడి మీద బతికిన మనిషి ఆ గొంతు పోల్చుకోలేకపోయింది.

ఇన్‌స్పెక్టర్ మరో నలుగురితో వచ్చి అతన్ని పట్టుకున్నాడు. అతను పారిపోలేదు, అరవలేదు. చేతులకు అంటిన జిగురు గుడ్డతో తుడుచుకుని, అక్కను చూసి నమస్కారం పెట్టాడు. "సెట్టు బాగా కుదిరిందమ్మా" అన్నాడు. జేబులోంచి తాళంచెవి తనే తీసిచ్చాడు.

పైకి ముందు ఇన్‌స్పెక్టర్ వెళ్లాడు. పది నిమిషాల తర్వాత, ఆమెతో మాట్లాడడానికి ఆడమనిషి ఉంటే బాగుంటుందని అక్కను రమ్మన్నాడు. గుమ్మం దాటగానే అక్క ఆగిపోయింది. ఏది ఎక్కడుందో ఆమెకు చూడకుండానే తెలుసు. కుళాయి కుడివైపు. కిటికీ తలవైపు. తలుపు బొక్కల్లో పసుపురంగు సబ్బు. ఒక్క టీవీయే సెట్టులో లేనిది. తను ఈ గదిలో చాలాసార్లు తిరిగినట్టు, ఈ గదిని తనే కట్టినట్టు అనిపించింది.

మంచం మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. పాలకేంద్రంలో పనిచేసేదట, కనపడకుండా పోయి రెండేళ్లు దాటిందట, జాబితాలో మూడో పేజీలో ఉందట. కాలి గొలుసు తీసేసినా ఆ కాలు ఇంకా ముడుచుకునే ఉంది. ఏమని పలకరించాలో అక్కకు తెలియలేదు. "నమస్కారమండీ" అంది.

ఆ ఒక్క మాటకే ఆ అమ్మాయి చటుక్కున తలెత్తింది. "మీరేనా?" అంది. "మెషీన్‌లో మాట్లాడేది మీరేనా?"

"నేనేనమ్మా."

"ఆయనే నంబరు నొక్కి పక్కన కూర్చునేవారు. సీరియల్ మాటే చెప్పాలి, ఇంకోటి వస్తే చంపేస్తానన్నారు. టీవీలో గది మారిందని చూపించి, నవ్వేవారు." అదే గొంతు. అదే నెమ్మది. ఆ అమ్మాయి అక్క ముఖంలోకి చూసింది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండునని అక్కకు అనిపించింది.

"రెండో వారం మీరు కిటికీ మార్చారు కదండీ" అంది ఆ అమ్మాయి. "అది చూసి, మీకు అర్థమైందనుకున్నాను. ఇంక వచ్చేస్తున్నారనుకున్నాను. ఆ రాత్రి జడ వేసుకుని కూర్చున్నాను. తర్వాత కుళాయి మార్చారు. తలుపు మార్చారు. ప్రతి బుధవారం జడ వేసుకుని కూర్చున్నానండి."

ఉత్తరాలక్క మంచం మీద ఆ అమ్మాయి పక్కన కూలబడి గట్టిగా ఏడ్చింది. కింద వీధిలో ఉన్న బాబాయికి కూడా ఆ ఏడుపు వినిపించింది.